పెన్సిల్ సెల్లుకి తొడుగు వేస్తే 8 రెట్లు పనిచేస్తుందట, మావయ్య ఏజెన్సీ తీసుకోవచ్చా?

పూర్ణామార్కెట్_మేనల్లుడు
అందరికీ నమస్కారం. మా చిన్న మావయ్యకి పూర్ణామార్కెట్ దగ్గర ఫ్యాన్సీ షాపు ఉంది. బొమ్మలు, గోడ గడియారాలు, టార్చిలైట్లు, సెల్లులు అన్నీ అమ్ముతాడు. మొన్న ఒకాయన కొత్త సరుకు పట్టుకొచ్చాడు. పల్చటి స్టీలు తొడుగు. పెన్సిల్ సెల్లుకి తగిలిస్తే ముక్కు దగ్గర చిన్న సర్క్యూట్ కూర్చుంటుంది. "మనం అయిపోయిందని పారేసే సెల్లులో ఇంకా 80 శాతం పవర్ ఉంటుంది. ఇది వేస్తే మిగిలినదంతా లాగేస్తుంది. సెల్లు 8 రెట్లు పనిచేస్తుంది" అన్నాడు.

ఊరికే చెప్పడం కాదు, చేసి చూపించాడు. షాపులో ఆగిపోయిన బొమ్మ కారు ఒకటుంది. అందులోంచి సెల్లులు తీసి తొడుగులు వేసి మళ్ళీ పెట్టగానే కారు కౌంటర్ మీద గింగిరాలు తిరిగింది. మల్టీమీటర్ కూడా తెచ్చుకున్నాడు. తొడుగు లేకపోతే 1.1 వోల్టులు, ఉంటే 1.5. మావయ్య అక్కడికక్కడే పడిపోయాడు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం మూడింటికీ ఏజెన్సీ ఇస్తాడట. సరుకు డబ్బు మాత్రం మొత్తం ముందే కట్టాలి. నాలుగు తొడుగుల పెట్టె ఎమ్మార్పీ 499.

నేను చదివింది బీకామ్. ఎక్కడో తేడా కొడుతోంది కానీ ఎక్కడో చెప్పలేకపోతున్నా. "కళ్ళముందు కారు తిరిగింది కదరా" అంటున్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆదివారంలోగా మాట చెప్పాలి. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

గాజువాక_రిపేర్లు
కారు తిరగడం నిజమే తమ్ముడూ, అందులో కనికట్టు ఏటీ లేదు. నా బెంచీ మీదకి ఆగిపోయిన బొమ్మలు, రిమోట్లు రోజూ వస్తాయి. చాలావాటికి జబ్బు సెల్లులో ఉండదు, స్ప్రింగు మీద ఉంటాది. మనది సముద్రగాలి కదా, రేకు మీద చిలుం పట్టేస్తాది. సెల్లుల్ని ఉన్నచోటే రెండుసార్లు గిర్రున తిప్పు, ఏ తొడుగూ లేకుండానే కొన్ని లేచి కూర్చుంటాయి. మరి ఆయన సెల్లులు తీసి మళ్ళీ పెట్టాడు. తొడుగుతో బిగుతుగా దూరేటప్పుడు రేకుని గీసుకుంటూ వెళ్తాది. తొడుగుకే తిరిగిందో, గీసుకున్నందుకు తిరిగిందో ఎవుడికి తెలుసు?

ఇంకోటి. వాడి ఆపేసిన సెల్లుని కొన్నాళ్ళు వదిలేస్తే కొంచెం తేరుకుంటాది. చిన్నప్పుడు రేడియో సెల్లులు ఎండలో పెట్టేవోళ్ళం కాదా, పళ్ళతో కొరికేవోళ్ళం కాదా? కాసేపు పాడేది, మళ్ళీ మూలిగేది. ఆయన్ని ఒకటే అడుగు: కారు ఎంతసేపు తిరిగింది?

పూర్ణామార్కెట్_మేనల్లుడు
టీ చెప్పాం అన్నా. టీ వచ్చేలోపే కారు ఆపి తొడుగులు తీసి సంచిలో వేసేసుకున్నాడు.

సీతమ్మధార_మాస్టారు
పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదువు నాయనా.

ఆ తొడుగులో ఉండేది బూస్ట్ కన్వర్టర్. చిన్న కాయిలు, స్విచ్చులా పనిచేసే చిప్పు, కెపాసిటరు. కాయిల్లోకి కరెంటు పంపి చటుక్కున ఆపితే అది ఎక్కువ వోల్టేజీతో బయటికి నెడుతుంది. అదే పనిని సెకనుకి వేలూ లక్షలసార్లు చేస్తే 1 వోల్టు కాస్తా 1.5 అవుతుంది. ఈ విద్య అసలైనదే, మీ ఫోన్ పవర్‌బ్యాంకులో ఉన్నదీ ఇదే. అందుకే కారు తిరిగింది, మీటరు 1.5 చూపించింది. చిక్కంతా ఆ "80 శాతం మిగిలి ఉంటుంది" అన్న మాట దగ్గర ఉంది.

కొత్త ఆల్కలైన్ సెల్లు 1.5కి కాస్త పైన మొదలై, వాడేకొద్దీ మెల్లగా దిగుతూ పోతుంది. ఇలాంటి సరుకు అమ్మేవాళ్ళ వాదన ఏమిటంటే, వస్తువులు 1.35 వోల్టుల దగ్గరే మొరాయిస్తాయి, కాబట్టి మిగతాదంతా వృథా అని. అదే నిజమైతే రీఛార్జబుల్ సెల్లులు ఏ వస్తువులోనూ పనిచేయకూడదు. వాటి వోల్టేజీ 1.2 మాత్రమే. కెమెరాల్లో, బొమ్మల్లో, వైర్‌లెస్ మౌసుల్లో అవి హాయిగా నడుస్తున్నాయి కదా! మీ మావయ్య కొట్లోనే ఆ సెల్లులు వేలాడుతూ ఉంటాయి. ఏజెంటుని ఈ ఒక్క ప్రశ్న అడిగి ముఖం చూడు.

సెల్లులు పరీక్షించడానికి ఐఈసీ 60086 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆల్కలైన్ పెన్సిల్ సెల్లుకి అందులో బొమ్మల పరీక్ష ఎలా ఉంటుందంటే, 3.9 ఓముల లోడు, అంటే కరెంటు తాగే నిరోధం, పెట్టి, రోజుకి గంట చొప్పున, వోల్టేజీ 0.8కి పడిపోయేదాకా నడపాలి. బొమ్మ అంతవరకూ ఆడుతుందనే కదా ఆ లెక్క పెట్టుకున్నది. 0.8కి వచ్చిన సెల్లులోంచి ఇంకా లాగడమంటే చెరకు పిప్పిని మళ్ళీ మిషన్లో పెట్టి తిప్పడమే. నాలుగు చుక్కలు వస్తాయి, కాదనను.

ఇప్పుడు లాగడానికి అయ్యే ఖర్చు చూడు. ఒక వస్తువు 1.5 వోల్టుల దగ్గర 100 మిల్లీఆంపియర్లు తీసుకుంటోంది అనుకో. అంటే 150 మిల్లీవాట్లు. సెల్లు 0.9కి దిగింది, తొడుగు 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తోంది. 150ని 0.85తో, మళ్ళీ 0.9తో భాగించు. సెల్లు నుంచి దాదాపు 196 మిల్లీఆంపియర్లు లాగాలి. నీరసించిన సెల్లు మీద రెట్టింపు బరువు! పైగా పాతబడ్డ సెల్లుకి లోపలి నిరోధం పెరిగి ఉంటుంది. ఎక్కువ కరెంటు లాగేకొద్దీ దాని వోల్టేజీ ఇంకా కుంగుతుంది. కుంగితే తొడుగు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా చతికిలబడుతుంది.

వస్తువుని బట్టి కూడా మారుతుంది. కెమెరాల్లాంటి వాటిలో తయారీదారే లోపల ఇలాంటి కన్వర్టర్ పెట్టి ఉంటాడు, దాని మీద ఇంకోటి ఎక్కిస్తే రెండుచోట్లా నష్టం. మోటారు, బల్బు లాంటివైతే సెల్లు దిగేకొద్దీ నెమ్మదిస్తాయి, తక్కువ తీసుకుంటాయి, కాబట్టి ఎక్కువసేపు లాక్కొస్తాయి. తొడుగు వేస్తే చివరిదాకా పూర్తి వేగం, పూర్తి ఖర్చు. ఇక గడియారాలు, రిమోట్లు. గోడ గడియారం సగటున తీసుకునేది మిల్లీఆంపియర్‌లో పదో వంతో, అయిదో వంతో. కన్వర్టర్ ఊరికే మేలుకొని ఉండటానికి కూడా కొంత తింటుంది. గడియారంలాంటి చోట ఆ తిండి లెక్కలోకి వస్తుంది.

లాభసాటి_మనిషి
మాస్టారూ, లెక్కలు బాగున్నాయి కానీ వాడి చూడకుండా కొట్టిపారేయకండి. నేను ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్ ఎగ్జిబిషన్‌లో ఇలాంటిదే కొన్నాను. మా పాత కెమెరాలో "బ్యాటరీ మార్చండి" అని వచ్చిన సెల్లుకి తొడిగి హాల్లో గడియారానికి వేశాను. నెలలు గడిచిపోయాయి, ఇంకా నడుస్తూనే ఉంది. పారేయాల్సిన సెల్లు! దీనికేమంటారు? ఎప్పుడు కొత్తది వచ్చినా "మోసం మోసం" అనడం మనవాళ్ళకి అలవాటు.

గాజువాక_రిపేర్లు
గురూగారూ, ఆ తొడుగు పీకేసి ఉత్త సెల్లే పెట్టండి. అప్పుడూ నడుస్తాది.

సీతమ్మధార_మాస్టారు
గాజువాక తమ్ముడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. కెమెరాకి ఫ్లాష్, తెర, లెన్స్ మోటారు అన్నీ ఉంటాయి. ఒక్కసారిగా పెద్ద కరెంటు అడుగుతుంది. ఆల్కలైన్ సెల్లు ఆ బరువుకి తట్టుకోలేక అప్పటికప్పుడు వోల్టేజీ జారిపోతుంది, కెమెరా వద్దంటుంది. బయటికి తీసి మీటరు పెడితే అదే సెల్లు మళ్ళీ 1.3 దాకా కోలుకొని కనిపిస్తుంది. అందులో సరుకు చాలానే ఉంటుంది. "మిగిలి ఉంటుంది" అనే మాటలో కాస్తో కూస్తో నిజం ఉన్నది ఇక్కడే. కానీ దానికి మందు తొడుగు కాదు. కెమెరాకి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ వేయాలి, వాటి లోపలి నిరోధం తక్కువ. కెమెరా కాదన్న ఆల్కలైన్‌ని గడియారానికి వేసుకోవాలి.

కొత్త ఆల్కలైన్‌లో చిన్న బరువుకి 2500 మిల్లీఆంపియర్ అవర్లు, అంటే 1 మిల్లీఆంపియర్ చొప్పున 2500 గంటలకి సరిపడా సరుకు, ఉన్నాయనుకుంటే, 0.15 మిల్లీఆంపియర్లు తీసుకునే గడియారం 16,000 గంటలకి పైగా నడుస్తుంది. ఏడాదీ పది నెలల పైమాట. అందులో మూడో వంతు మిగిలి ఉన్నా మీకు నెలలు గడవడం వింతేమీ కాదు.

లాభసాటి_మనిషి
తొడుగు లేకపోతే ఇంకా తక్కువ నడిచేదేమో! అది మీరు నిరూపించగలరా?

గాజువాక_రిపేర్లు
నిరూపించాల్సింది 499 తీసుకున్నోడు కదండీ. మనమెందుకు?

విమల_ఎంవీపీ
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అత్తగారి బీపీ మిషన్‌కి నాలుగు సెల్లులు పడతాయి, మావారు ఆన్‌లైన్‌లో ఇలాంటివే చూసి తెప్పిద్దామంటున్నారు. రోజూ పొద్దున్న బీపీ చూసి డాక్టర్‌గారికి వాట్సాప్‌లో పంపాలి. బ్యాటరీ గుర్తు సగానికి వచ్చిందంటే నేను కొత్త సెల్లులు తెచ్చి పెట్టుకుంటాను. తొడుగు వేస్తే ఆ గుర్తు సరిగ్గానే చూపిస్తుందా?

సీతమ్మధార_మాస్టారు
అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. చూపించదు. మిషన్ వోల్టేజీని చూసే ఆ గుర్తు వేస్తుంది. తొడుగు ఎప్పుడూ 1.5 ఇస్తూ ఉంటుంది కాబట్టి ఆఖరి నిమిషం దాకా "నిండుగా ఉంది" అనే చూపిస్తుంది. తర్వాత హెచ్చరిక ఏమీ లేకుండా ఆగిపోతుంది. చేతి పట్టీలోకి గాలి కొట్టే మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, సరిగ్గా అప్పుడే ఆరిపోవచ్చు. బీపీ మిషన్‌కి, ఆక్సీమీటర్‌కి ఇలాంటివి తగిలించకండి. చాలా బీపీ మిషన్లకి అడాప్టర్ పెట్టుకునే రంధ్రం ఉంటుంది. రోజూ ఒకే చోట కూర్చుని చూసుకునేవాళ్ళకి ఆ కంపెనీ అడాప్టర్ కొనుక్కుంటే సెల్లుల గొడవే ఉండదు.

జాలరిపేట_కుర్రోడు
మాస్టారు సెప్పింది మాకైతే మరీ ముఖ్యం. రాత్రిపూట ఏటకెళ్తే తలకి లైటు కట్టుకుంటాం, సేతిలో ఇంకోటి. మసకబారతన్నప్పుడే తెలిసిపోద్ది, సెల్లులు మార్సేసుకుంటాం. నిండుగా ఎలిగి ఎలిగి టక్కుమని ఆరిపోతే నడిసముద్దరంలో ఏం సేత్తాం? అట్టాంటి తొడుగు మాకు ఊరికే ఇచ్చినా ఒద్దు. ఇంకోటి, స్టీలు తొడుగంటన్నారు, ఉప్పునీళ్ళు తగిల్తే ఏటవుద్ది?

గాజువాక_రిపేర్లు
బాగా అడిగావు. ఆ పల్చటి రేకు సెల్లు అడుగునున్న మైనస్ నుంచి పైన ప్లస్ దాకా పాకి ఉంటాది. సెల్లు మీద ప్లాస్టిక్ చుట్టు ఎక్కడైనా చిరిగినా, తొడుగు వంకరపోయినా షార్టే. వేడెక్కి కారిపోద్ది. తడి తగిలే చోట అసలే వద్దు.

కారడం అంటే గుర్తొచ్చింది. సెల్లుని పూర్తిగా పిండేసి వస్తువులోనే వదిలేస్తే కారే అవకాశం పెరుగుతాది. ఎర్ర సెల్లుల్లో, అంటే జింక్ కార్బన్ వాటిల్లో, బయటి డబ్బానే జింకు. వాడేకొద్దీ ఆ డబ్బాయే కరిగిపోతూ ఉంటాది, ఆఖరికి చిల్లు పడి ముద్ద బయటికొస్తాది. ఆల్కలైన్ అయితే తెల్లటి పొడి. అది పొటాషియం హైడ్రాక్సైడ్ ఘాటు, ఉత్త చేత్తో ముట్టుకోకండి, కళ్ళల్లో పడనీయకండి. ఇయర్‌బడ్ మీద కాస్త వెనిగర్ వేసి తుడిస్తే పోతాది. పది రూపాయల సెల్లు పిండబోయి రెండు వేల వస్తువు పాడుచేసుకున్నోళ్ళని నేను చాలామందిని చూశాను.

పాతరేడియో_ప్రేమికుడు
రేడియోకి కూడా పెట్టకండి. ఈ కన్వర్టర్లు స్విచ్ అయ్యేటప్పుడు పుట్టే రొద మీడియం వేవ్‌లో దూరుతుంది. మన విశాఖ స్టేషన్ 927 కిలోహెర్ట్జ్ మీద పెట్టి పక్కన చవక ఎల్‌ఈడీ బల్బో, ఛార్జరో వేసి చూడండి, గీ మంటుంది. ఇదీ ఆ కుటుంబమే. సెల్లుతో పాడే రేడియోకి ఉన్న సుఖమే రొద లేకపోవడం, దాన్నీ చెడగొడతారా?

అలాగని బూస్ట్ సర్క్యూట్‌ని నేను తిట్టను. హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2014 అక్టోబర్ 12న, మీలో ఎవరెవరు విశాఖలో ఉన్నారో! మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. చెట్లు, స్తంభాలు రోడ్డు మీదే. కొట్లలో కొవ్వొత్తులు, సెల్లులు మాయం. మా కింది వాటాలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఉండేవాడు. పాత ఛార్జర్ విప్పి అందులోని ఫెరైట్ రింగుకి తీగ చుట్టి, ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్ పెట్టి జూల్ థీఫ్ అనే సర్క్యూట్ కట్టాడు. తెల్ల ఎల్‌ఈడీ వెలగాలంటే దాదాపు 3 వోల్టులు కావాలి, ఒక్క సెల్లుతో మామూలుగా వెలగదు. ఈ సర్క్యూట్‌తో మాత్రం రిమోట్ కాదన్న చచ్చు సెల్లు మీద కూడా వెలిగింది. ఆ వెలుగులో పుస్తకం చదవలేం, మెట్లు దిగొచ్చు. మెట్లకి రెండు, బాత్రూంలో ఒకటి పెట్టాడు. వీధిలో అందరి ఇళ్ళ నుంచీ పాత సెల్లులు పోగుచేశాడు.

అంటే మిగిలిన చుక్కలు పనికొచ్చే చోటు ఉంది. మసక వెలుగు చాలు అనుకున్నప్పుడు, దుకాణాలు మూసినప్పుడు. సరుకు ఖర్చు దాదాపు సున్నా.

కంచరపాలెం_చదువరి
ఇది కొత్త కథ కాదు. 2015లో అమెరికాలో బ్యాటరైజర్ అని సరిగ్గా ఇలాంటి స్టీలు తొడుగే ప్రకటించారు. అవే మాటలు: పారేసే సెల్లులో 80 శాతం మిగిలి ఉంటుంది, 8 రెట్ల వరకు ఆయుష్షు. ఇండీగోగో అనే వెబ్‌సైట్లో జనం దగ్గర ముందే డబ్బు పోగుచేశారు. ఆస్ట్రేలియాలో డేవ్ జోన్స్ అనే ఇంజినీరు తన ఈఈవీబ్లాగ్ ఛానల్లో ఆ లెక్కల్ని వరసపెట్టి విప్పి చూపించాడు. సెల్లుల తయారీదారులు ఇచ్చే డిశ్చార్జి గ్రాఫులు ముందు పెట్టి, ఏ వోల్టేజీకి ఎంత ఖర్చయిపోతుందో వివరించాడు. మాస్టారు చెప్పినదే.

ఇంకా వెనక్కి వెళ్తే ఏడీఎక్స్2 అని ఒక పొడి ఉండేది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో జెస్ రిచీ అనే ఆయన అమ్మేవాడు. కారు బ్యాటరీలో వేస్తే చచ్చినది బతుకుతుందనేవాడు. అందులో ఉన్నది ప్రధానంగా సోడియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ పరీక్ష చేసి ప్రయోజనం లేదని తేల్చింది. వాడి బాగుపడ్డామని సాక్ష్యాలు చెప్పినవాళ్ళు మాత్రం బోలెడంతమంది. గొడవ ముదిరి 1953లో వాణిజ్య మంత్రి సింక్లెయిర్ వీక్స్ ఆ సంస్థ డైరెక్టర్ ఆలెన్ ఆస్టిన్‌ని రాజీనామా చేయమన్నాడు. శాస్త్రవేత్తలు భగ్గుమన్నారు. చివరికి ఆస్టిన్ పదవిలోనే ఉన్నాడు. నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కమిటీ కూడా అదే ఏడాది ఆ సంస్థ పరీక్షలు సరైనవేనని చెప్పింది.

లాభసాటిగారూ, మీ గడియారం కూడా అలాంటి సాక్ష్యమే. పక్కన తొడుగు లేని గడియారం ఒకటి ఉంటే తప్ప దాంతో ఏమీ తేలదు.

మర్రిపాలెం_రమణ
ఇన్వర్టర్ బ్యాటరీలో వేసే పొడి అని మా వీధిలోకి కూడా వచ్చారు. అలాగే ప్లగ్గులో పెడితే కరెంటు బిల్లు సగమవుతుందనే డబ్బా ఒకటి. మా తమ్ముడు దాన్ని విప్పితే ఒక కెపాసిటరూ, ఒక పచ్చ లైటూ!

నిర్వాహకులు
రమణగారూ, కరెంటు బిల్లు డబ్బాకి వేరే చర్చ తెరవండి, అక్కడ ఏకేద్దాం. ఇక్కడ సెల్లులే.

డాబాగార్డెన్స్_కొట్టు
నేను ఎలక్ట్రికల్ సామాను అమ్ముతాను, సైన్సు మాట మాస్టారికి వదిలేస్తున్నా. మేనల్లుడూ, బీకామ్ అన్నావు కదా, ఏజెంటు చెప్పిన రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడు. సెల్లులో 20 శాతం వాడాక వస్తువు ఆగిపోతుంది, 80 మిగులుతుంది అన్నాడు. ఒక్క చుక్క కూడా పోకుండా ఆ 80 మొత్తం లాగినా, 100ని 20తో భాగిస్తే 5. అయిదు రెట్లు! ఎనిమిది ఎక్కడినుంచి వచ్చింది? మాస్టారి 85 శాతం వేస్తే నాలుగున్నర కూడా రాదు. వాళ్ళ లెక్కే వాళ్ళకి కుదరలేదు. నిజంగా 8 రెట్లు రావాలంటే వస్తువు సెల్లులో ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం వాడి ఆగిపోవాలి. అలాంటి వస్తువు చేసినవాణ్ణి జనం బతకనిస్తారా?

ఇక వ్యాపారం మాట. డబ్బు మొత్తం ముందు కట్టమన్నవాడు సరుకు వెనక్కి తీసుకుంటానని కాగితం మీద రాస్తాడా? రాయడు. "మూడు జిల్లాలు నీవే" అనడం ఉత్తుత్తి మాట, అదే సరుకు ఆన్‌లైన్‌లో ఎవడైనా అమ్ముకుంటాడు. ఇంకో చిక్కు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి తయారీదారు మీద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. అమ్మకందారు తనంతట తాను వేరే హామీ ఇస్తే ఆ హామీకి బాధ్యత అతని మెడకి కూడా చుట్టుకుంటుంది. మావయ్య కొట్టు మీద "8 రెట్లు గ్యారంటీ" అని బోర్డు పెట్టాడనుకో, ఎవడో ఒకడు 1915కి ఫోన్ కొడతాడు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఏజెంటు ఆ రోజు దొరకడు.

పూర్ణామార్కెట్_మేనల్లుడు
కొట్టు అన్నా, ఆ 5 లెక్క నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది 😀 మావయ్యకి చెప్పాను. కాసేపు కాలిక్యులేటర్ నొక్కి ఊరుకున్నాడు. తర్వాత "సరేరా, 8 రాకపోతే 4 వస్తుంది, 4 కూడా తక్కువా?" అన్నాడు.

మాస్టారూ, ఇంట్లో చేసుకోగలిగే పరీక్ష ఏదైనా చెప్పండి.

సీతమ్మధార_మాస్టారు
తేలిక. ఒకే ప్యాకెట్లోంచి కొత్త ఆల్కలైన్ సెల్లులు తీసుకో. సెల్లు మీద "ఎల్‌ఆర్6" అని ఉంటే ఆల్కలైన్, ఉత్త "ఆర్6" అయితే జింక్ కార్బన్. కలపకూడదు. ఒకే రకం బొమ్మలు రెండు, కొత్తవి. ఒకదానికి మొదటినుంచీ తొడుగులు, రెండోదానికి ఉత్త సెల్లులు. ఒకేసారి ఆన్ చేయి, ఆగేదాకా ముట్టుకోకు. మధ్యలో తీసి పెట్టడాలు, తిప్పడాలు ఉండకూడదు. మొదటిది ఏది ఆగిందో రాసుకో. బొమ్మలవల్ల తేడా వచ్చిందేమోనన్న అనుమానం పోవాలంటే మర్నాడు కొత్త సెల్లులతో, తొడుగులు రెండో కారుకి మార్చి మళ్ళీ చేయి.

ఏజెంటునే ఈ పరీక్ష చేయమను. ఒప్పుకోడు.

విమల_ఎంవీపీ
మరి సెల్లుల ఖర్చు నిజంగా తగ్గించాలంటే ఏం చేయాలి మాస్టారూ? మా ఇంట్లో పిల్లల బొమ్మలకే బోలెడు అవుతోంది. మా అమ్మ అయితే సెల్లులు ఫ్రిజ్‌లో పెడుతుంది.

సీతమ్మధార_మాస్టారు
ఫ్రిజ్ అక్కర్లేదమ్మా. ఆల్కలైన్ సెల్లు మామూలు గదిలో ఏడాదికి 2, 3 శాతం మాత్రమే తనంతట తాను తగ్గుతుంది. విశాఖ ఉక్కలో ఫ్రిజ్ లోంచి తీయగానే సెల్లు చెమటలు పడుతుంది, ఆ తేమే చేటు.

బొమ్మలకి, గేమ్ రిమోట్లకి, కెమెరాకి రీఛార్జబుల్ కొనండి. ఎక్కువ వాడేచోటే వాటి డబ్బు తిరిగొస్తుంది. 2005లో శాన్యో ఎనెలూప్ తెచ్చినప్పటినుంచి, ఛార్జి చేసి పక్కన పెట్టినా త్వరగా దిగిపోని రకం దొరుకుతోంది. ఛార్జర్ మాత్రం ఒక్కో సెల్లునీ విడిగా చూసుకునేది తీసుకోండి. తొడుగులకి పోసే 499కి ఇంకొంత కలిపితే వచ్చేస్తాయి. టీవీ రిమోట్‌కీ గోడ గడియారానికీ ఇవి అనవసరం, మామూలు సెల్లు చాలు, కారిందేమో అప్పుడప్పుడు చూసుకుంటే సరి. పాతదీ కొత్తదీ కలిపి వేయకండి. నీరసించిన దాన్ని కొత్తది ఉల్టా తోస్తుంది, అది కారుతుంది.

గాజువాక_రిపేర్లు
మాస్టారూ, బొమ్మల్లో ఆగిన ఆల్కలైన్లు పారేయొద్దని కూడా చెప్పండి. మా ఇంట్లో అన్ని గడియారాలూ వాటి మీదే నడుస్తాయి. అక్కడా ఆగితే అప్పుడు చెత్తే.

కంచరపాలెం_చదువరి
ఆ చెత్త కూడా తడిచెత్తలో కలపకండి. బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు 2022లో వచ్చాయి, చిన్న సెల్లులు కూడా వాటి కిందకి వస్తాయి. వాడేసినవి సేకరించే బాధ్యత తయారీదారులది. సెల్లు మీద చక్రాల చెత్తబుట్టకి అడ్డంగా గీత కొట్టిన బొమ్మ ఉంటుంది చూడండి.

పూర్ణామార్కెట్_మేనల్లుడు
సంగతులు చెప్తాను. ఏజెంటుకి ఫోన్ చేసి మాస్టారి పరీక్ష చేద్దాం రమ్మన్నాను. మొదట "కొత్త సెల్లులకి వేయకూడదు సార్, పాతవాటికే" అన్నాడు. పెట్టె మీద అలా లేదు కదండీ అంటే "8 రెట్లు వరకు అని రాశాం, 8 రెట్లు అనలేదు" అన్నాడు. రీఛార్జబుల్ 1.2 ప్రశ్న అడిగాను. సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు.

మావయ్య మొండివాడు. నా డబ్బుతో ఒక పెట్టె కొన్నాను. ఒకే రకం కార్లు రెండు తీసి, చక్రాలు నేలకి తగలకుండా కింద అట్టముక్కలు పెట్టి కౌంటర్ మీద నిలబెట్టాం. పొద్దున్న కొట్టు తీయగానే ఆన్ చేశాం. తొడుగు కారు భలే వేగం, చివరిదాకా ఒకేలా తిరిగింది. ఉత్త సెల్లుల కారు మెల్లమెల్లగా నీరసపడింది. అది చూసి మావయ్య "చూశావా, చూశావా" అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. మధ్యాహ్నం భోజనం క్యారియర్ విప్పుతుంటే తొడుగు కారు టక్కున ఆగిపోయింది. రెండోది ఈసురోమంటూ తిరుగుతూనే ఉంది, మేం తిని చేతులు కడుక్కున్నాక కూడా. మర్నాడు తొడుగులు మార్చి చేశాం. మళ్ళీ అంతే.

తమాషా ఏమిటంటే, తొడుగు కారులోంచి తీసిన సెల్లులు ఉత్తవే గడియారంలో వేస్తే ముల్లు కదిలింది. అంటే "అంతా లాగేస్తుంది" అన్న మాట కూడా నిలబడలేదు.

మావయ్య ఆదివారం అడ్వాన్స్ ఇవ్వలేదు. "సరుకు కొట్లో పెట్టు, అమ్ముడైతే డబ్బిస్తా, లేకపోతే తీసుకెళ్ళు" అని కబురు పెట్టాడు. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

డాబాగార్డెన్స్_కొట్టు
ఎత్తడులే. ఇప్పుడు అనకాపల్లిలో టీ తాగుతూ ఉంటాడు.

సీతమ్మధార_మాస్టారు
శభాష్. రెండో రోజు తొడుగులు మార్చి చేశారు చూడు, అది నాకు నచ్చింది. తొడుగు కారు ముందు ఆగడానికి కారణం వేగమే. చివరిదాకా పూర్తి వోల్టేజీ ఇవ్వాలంటే ఖర్చూ పూర్తిగానే అవుతుంది, పైన కన్వర్టర్ వాటా. ఆఖర్లో పెద్ద కరెంటుకి సెల్లు కుంగిపోయి కన్వర్టర్ చేతులెత్తేసింది. గడియారం అడిగేది చిటికెడు కరెంటు, అందుకే దానికి ఇంకా దొరికింది.

లాభసాటి_మనిషి
కార్లు వేరు, గడియారం వేరు. నాది ఇంకా నడుస్తోంది.

గాజువాక_రిపేర్లు
నడవనీండి గురూగారూ. నెలకోసారి వెనక మూత తీసి తెల్లపొడి వచ్చిందేమో చూసుకోండి. పాత గడియారమైతే దాని మిషన్ ఇప్పుడు దొరకదు.